కరువు కూలి లెక్క ఏ పీరియడ్‌లో చెప్పాలి? చరిత్ర బోధనలో అర్థశాస్త్రంపై ఒక సమీక్ష

1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి కరువు పనుల కూలి తగ్గించాడు. అంతకుముందు మగ కూలీకి రోజుకు ఒకటిన్నర పౌన్ల ధాన్యం ఖరీదు, పైన ఒక అణా ఇచ్చేవారు. దాన్ని అతను ఒక్క పౌను ఖరీదు, ఒక అణాకు దించాడు. అంటే 680 గ్రాముల గింజ 450 గ్రాములైంది. బళ్ళారి, కర్నూలు, కడప సీమల్లో రోడ్లు వేస్తూ, చెరువులు తవ్వుతూ ఆ కూలి మీదే బతుకుతున్న జనానికి ఆ తేడా ప్రాణాల మీదికి తెచ్చింది.

ఈ సంగతి బడిలో ఎవరు చెప్పాలి? చరిత్ర పాఠంలో కరువంటే ఒక సంవత్సరం, ఒక వైస్రాయి పేరు, చనిపోయినవాళ్ల సంఖ్య. అర్థశాస్త్రం పాఠంలో కూలి అంటే ఒక నిర్వచనం, దాని కింద రకాలు. ఆ కూలికి ఎంత గింజ వస్తుంది, ఆ గింజ పలుగు పట్టి పనిచేసే మనిషికి చాలుతుందా, ధాన్యం అంగట్లో ఉండగానే జనం ఎందుకు చచ్చిపోయారు అన్న ప్రశ్నలు మాత్రం ఏ పీరియడ్‌లోనూ రావు. ఇంటర్‌లో హెచ్.ఇ.సి. గ్రూపు తీసుకున్న విద్యార్థి చరిత్ర, అర్థశాస్త్రం రెండూ చదువుతాడు. కానీ లెక్చరర్లు ఇద్దరు, పుస్తకాలు రెండు, నోట్సులు రెండు.

రెండింటినీ కలిపి చెప్పాలన్న మాటకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. ఎలా కలపాలన్న దగ్గరే చిక్కంతా ఉంది. జాతీయవాదులు, మార్క్సిస్టులు, మార్కెట్‌ను నమ్మేవాళ్లు, అంకెలతో చరిత్ర రాసేవాళ్లు, పాఠ్యపుస్తకాలు తయారుచేసేవాళ్లు తలా ఒక దారం పట్టుకు లాగడంతో ఈ చర్చ బాగా ముడిపడిపోయింది. కొత్త జాతీయ పుస్తకాలు నాలుగు సాంఘిక శాస్త్రాలనూ మళ్లీ ఒకే అట్టల మధ్యకు తెచ్చిన ఈ సమయంలో ఆ ముడులు ఒక్కొక్కటీ విప్పి చూడడం అవసరం.

ఒకే కుర్చీలో రెండు శాస్త్రాలు

చరిత్రను, అర్థశాస్త్రాన్ని కలిపి చెప్పిన తొలి ప్రముఖ ఆచార్యుల్లో ఒకరికి మన దేశంతో నేరుగా సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగులకు ఇంగ్లండులోనే చదువు చెప్పి పంపడానికి పెట్టిన కాలేజీ తర్వాత హేలీబరీ పేరుతో ప్రసిద్ధమైంది. జనాభా సిద్ధాంతంతో పేరుపొందిన మాల్థస్ 1805లో అక్కడ చేరి చరిత్ర, రాజకీయ అర్థశాస్త్రం బోధించారు. ఆయన తర్వాత ఆ స్థానంలోకి వచ్చిన రిచర్డ్ జోన్స్ ఇంకో అడుగు ముందుకు వేశారు. సూత్రాలు వల్లించడం కాదు, ఏ దేశంలో రైతు ఎవరికి ఎలా కౌలు చెల్లిస్తున్నాడో చూసి మాట్లాడాలన్నది ఆయన పట్టు. కరువు కూలి తగ్గించిన టెంపుల్ ఆ జోన్స్ కాలంలోనే హేలీబరీలో చదివాడు.

రెండు శాస్త్రాలనూ ఒకే గదిలో, ఒకే గురువు దగ్గర నేర్చుకున్నవాడు కూడా ఆకలి లెక్క తప్పగలడు. కలిపి చెబితే చాలు, వివేకం దానంతటదే వస్తుందనుకునే వారికి ఇది గట్టి హెచ్చరిక.

ఇటువైపు ఆ లెక్కను తిరగవేసింది మనవాళ్లే. దాదాభాయి నౌరోజీ 1870లలో దేశంలో తలసరి ఆదాయం ఏడాదికి 20 రూపాయలని అంచనా కట్టారు. మనిషి బతకడానికి ఎంత కావాలో తేల్చడానికి ఆయన ఎంచుకున్న ఆధారం జైలు. ఖైదీ తిండికీ బట్టకూ సర్కారు పెట్టే ఖర్చును బట్టి లెక్కవేస్తే అది ఆ 20 రూపాయలకన్నా ఎక్కువే తేలింది. సగటు రైతు బతుకు ఖైదీ బతుకుకన్నా మెరుగ్గా లేదని రుజువు చేయడానికి ఇంతకన్నా సూటి దారి ఏముంటుంది? ఆ తర్వాత 1892లో రానడే భారత రాజకీయ అర్థశాస్త్రం మీద చేసిన ఉపన్యాసం, 1901లో వచ్చిన నౌరోజీ గ్రంథం, 1902, 1904లలో రమేశ్ చంద్ర దత్ రాసిన రెండు సంపుటాల ఆర్థిక చరిత్ర కలిసి ఒక బాట వేశాయి. సంపద తరలింపు, శిస్తు భారం, చేతివృత్తుల పతనం అని మన బడిపుస్తకాలు ఈనాటికీ చెప్పే మూడు మాటలు ఆ బాటలోవే.

స్వాతంత్ర్యం తర్వాత ప్రశ్న మారింది. గణిత శాస్త్రవేత్త డి.డి. కోశాంబి పాత నాణేలను తూకం వేసి, చేతులు మారిన కొద్దీ అవి ఎంత అరిగాయో చూసి, చెలామణీ గురించి ఊహలు కట్టారు. 1956లో వచ్చిన ఆయన భారత చరిత్ర పరిచయ గ్రంథం రాజుల వరుసను పక్కకు నెట్టి ఉత్పత్తి పద్ధతిని ముందుకు తెచ్చింది. 1963లో ఇర్ఫాన్ హబీబ్ మొగలుల వ్యవసాయ వ్యవస్థ మీద, 1965లో ఆర్.ఎస్. శర్మ భారత భూస్వామ్యం మీద రాశారు. అదే 1963లో అమెరికన్ పండితుడు మోరిస్ డి. మోరిస్ జాతీయవాదుల కథనాన్ని సవాలు చేస్తూ, 19వ శతాబ్దంలో భారత ఆర్థిక వ్యవస్థ క్షీణించిందనడానికి ఆధారాలు చాలవని వాదించారు. 1968లో బిపన్ చంద్ర, తపన్ రాయ్‌చౌధురి, తోరు మత్సుయి ఆయనకు జవాబులిచ్చారు. ఆ వాదం నేటికీ తీరలేదు. మన పదో తరగతి విద్యార్థికి మాత్రం అలాంటి వాదం ఒకటి ఉందన్న సంగతే తెలియదు.

అమెరికా తరగతి గదులు నేర్పినది

బడిలో ఈ రెంటినీ కలిపే ప్రయోగాలు అమెరికాలో ముందుగా, పెద్ద ఎత్తున జరిగాయి. 1930లలో హెరాల్డ్ రగ్ రాసిన సాంఘిక పుస్తకాలు ఫ్యాక్టరీలు, నిరుద్యోగం, ప్రకటనల వ్యాపారం వంటి వాటిని చరిత్రతో కలిపి చెప్పి లక్షల్లో అమ్ముడుపోయాయి. 1940 ప్రాంతంలో వ్యాపార సంఘాలు, మాజీ సైనికుల సంఘాలు వాటి మీద విరుచుకుపడ్డాయి. చాలా ఊళ్లలో వాటిని బడుల నుంచి తీసేశారు. 1949లో ఆర్థిక విద్య కోసమే ఒక ఉమ్మడి మండలి ఏర్పడింది. 1997 నాటికి ఏ తరగతిలో ఏ ఆర్థిక భావన చెప్పాలో నిర్దేశించే 20 ప్రమాణాలు తయారయ్యాయి.

ఈ ప్రమాణాల ధోరణి సారమంతా నాలుగు మాటల్లో వస్తుంది. మనిషి ఎంచుకుంటాడు. ఎంచుకున్న ప్రతిదానికీ వదులుకున్నది ఒకటి ఉంటుంది. లాభనష్టాల ఆశను బట్టి ప్రవర్తన మారుతుంది. నియమాలు మారితే ఆ ఆశ కూడా మారుతుంది. ఈ కళ్లద్దాలతో ఏ చారిత్రక ఘట్టాన్నైనా చిక్కుప్రశ్నలా మార్చి పిల్లల ముందు పెట్టవచ్చునంటారు. ఫలానావాళ్లు చూడ్డానికి వెర్రిగా కనిపించే ఆ పని ఎందుకు చేశారు?

ఈ పద్ధతిలో నిజమైన బలం ఉంది. రాడ్‌ఫర్డ్ అనే బ్రిటిష్ సైనికుడు యుద్ధఖైదీల శిబిరంలో తాను చూసినదాన్ని 1945లో వ్యాసంగా రాశాడు. అక్కడ సిగరెట్లే డబ్బు. రెడ్‌క్రాస్ పార్సిళ్లు వచ్చినప్పుడు ధరలు ఒకలా, ఆగిపోయినప్పుడు ఒకలా ఉండేవి. యుద్ధం పాఠం చెబుతూ ఆ శిబిరాన్ని చూపిస్తే డబ్బంటే ఏమిటో పిల్లలు జన్మలో మరిచిపోరు. నిర్వచనం చెబితే పరీక్ష దాకా గుర్తుంటుంది, అంతే.

మన పుస్తకాలు నడిచిన దారి

మన దగ్గర తొలి గట్టి ప్రయోగం మధ్యప్రదేశ్‌లో జరిగింది. 1980లలో ఏకలవ్య సంస్థ కొన్ని ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో సాంఘిక శాస్త్రాన్ని కొత్తగా రాయించి, టీచర్లతో కలిసి పరీక్షించి చూసింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. కానీ అక్కడ పుట్టిన ఆలోచనలు 2005 జాతీయ విద్యాప్రణాళిక చట్రంలోకి, దాని వెంట వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోకి పాకాయి. తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలో ఇంగ్లండులో ఉమ్మడి భూములకు కంచెలు పడడం, అమెరికా గోధుమ పొలాలు దుమ్ములో కలిసిపోవడం, బెంగాల్ రైతు చేత నల్లమందు పండించడం ఒకే అధ్యాయంలో వచ్చాయి. చరిత్రా అర్థశాస్త్రమూ నిజంగా కలిసిన అధ్యాయం అది. 2019లో పిల్లల మీద భారం తగ్గించే పేరుతో పుస్తకం నుంచి తీసేసిన మూడు అధ్యాయాల్లో అదొకటి. భారం తగ్గించాలంటే ముందుగా ఇలాంటి పాఠం మీదికే చెయ్యి వెళ్లడం బాధ కలిగించే సంగతి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 రాష్ట్ర విద్యాప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన పుస్తకాలు చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం అన్న పాత గదులను పడగొట్టి ఇతివృత్తాలుగా పాఠాలను పేర్చాయి. ‘ఉత్పత్తి, వినిమయం, జీవనోపాధులు’ అలాంటి ఒక ఇతివృత్తం. ధైర్యం చేసిన పుస్తకాలవి. కానీ పదో తరగతికి వచ్చేసరికి పాత గోడ మళ్లీ లేచింది. మొదటి భాగం వనరులు, అభివృద్ధి, సమానత. రెండో భాగం సమకాలీన ప్రపంచం, భారతదేశం. ఉత్పత్తి, ఉపాధి, ధరలు ఒక భాగంలో ఉంటే 1930ల ఆర్థిక మాంద్యం ఇంకో భాగంలో పడింది. మొదటి భాగంలోని ‘రాంపురం’ ఎన్‌సీఈఆర్‌టీ పాఠంలోని పాలంపూర్ ఊరి అచ్చులో పోసిన పశ్చిమ ఉత్తరప్రదేశ్ పల్లె. గోదావరి డెల్టా మాగాణి, పాలమూరు మెట్ట, శ్రీకాకుళం కొండవాలు పొలం పక్కనే ఉండగా అక్కడెక్కడి నుంచో పల్లెను తెచ్చుకోవలసిన అగత్యం ఏమిటో బోధపడదు.

2024లో ఆరో తరగతికి వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం నాలుగింటినీ మళ్లీ ఒకే పుస్తకంగా కట్టింది. మన చుట్టూ ఉన్న ఆర్థిక జీవితం అందులో ఒక ఇతివృత్తం. జీతం వచ్చే పనితో పాటు జీతం రాని పని విలువ గురించి కూడా అందులో పాఠం ఉంది. అయితే ఒకే అట్టల మధ్య ఉన్నంత మాత్రాన పాఠాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయన్న హామీ లేదు.

రైలు పాఠం: నాలుగు రకాలుగా

ఈ ధోరణుల తేడా సిద్ధాంతంగా చెబితే గాలిలో తేలిపోతుంది. అందరూ చెప్పే పాఠం ఒకటి తీసుకుని పక్కపక్కన పెట్టి చూద్దాం.

జాతీయవాద ధోరణికి రైల్వేలు మన నెత్తిన పడిన అప్పు. బ్రిటిష్ కంపెనీల పెట్టుబడి మీద 5 శాతం రాబడికి సర్కారు హామీ ఇచ్చింది. నష్టం వస్తే శిస్తు కట్టే రైతు భరించాలి, లాభం వస్తే లండన్ వాటాదారుడికి చేరాలి. ఇక్కడ అర్థశాస్త్రం చేసే పని ఎవరి జేబులోంచి తీసి ఎవరి జేబులో వేశారో చూపించడం. మార్క్సిస్టు ధోరణి రైళ్లను ఉత్పత్తి సంబంధాల మార్పుతో ముడిపెడుతుంది. 1853లోనే మార్క్స్ భారత రైల్వేల వెనకాలే ఆధునిక పరిశ్రమ వస్తుందని ఊహించారు. ఆ పరిశ్రమ ఎందుకు అంత ఆలస్యంగా, అంత కొద్దిగా వచ్చిందన్నదే ఆ తర్వాతి మార్క్సిస్టులకు ప్రశ్న.

అంకెల ధోరణి వేరే ప్రశ్నతో మొదలవుతుంది. రైలు లేకపోయి ఉంటే ఏమై ఉండేది? 1964లో రాబర్ట్ ఫోగెల్ అమెరికా రైళ్ల గురించి ఈ ప్రశ్నే వేసి దుమారం రేపారు. 1993లో డగ్లస్ నార్త్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. మన రైళ్ల మీద డేవ్ డొనాల్డ్‌సన్ జిల్లాల ధరలు, పంటల లెక్కలు ముందేసుకుని చేసిన పరిశోధన 2018లో అచ్చయింది. రైలు చేరిన జిల్లాలో వ్యవసాయ ఆదాయం సుమారు 16 శాతం పెరిగిందని, ప్రాంతాల మధ్య ధరల తేడా తగ్గిందని ఆయన తేల్చారు. నాలుగో ధోరణి ఇక్కడే అడ్డుపడుతుంది. ధరలు సమం కావడమంటే ఏమిటి? కరువు సీమలోని గింజ ఎక్కువ ధర పలికే చోటికి వెళ్లిపోవడం కూడా అందులో భాగమే కదా? 1876–78 కరువులో రైళ్లు ధాన్యాన్ని మోసుకొచ్చినట్టే తీసుకుపోయాయని రచయిత మైక్ డేవిస్ 2001లో వచ్చిన తన పుస్తకంలో గట్టిగా వాదించారు. చరిత్రకారుడు ఇ.పి. థామ్సన్ 1971లో ఇంగ్లండు జనం గురించి చెప్పిన నైతిక అర్థవ్యవస్థ, అంటే న్యాయమైన ధర ఇంత అని జనం మనసులో ఉండే కట్టడి, ఈ ధోరణికి పునాది. 1918లో మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన ధాన్యం దోపిడీలను డేవిడ్ ఆర్నాల్డ్ ఈ వెలుగులోనే చదివారు.

మొదటి ధోరణి భారం మోసిందెవరో చెబుతుంది. రెండోది ఎవరి చేతిలో ఏ సాధనం ఉందో చెబుతుంది. మూడోది ఎంత అన్నది చెబుతుంది. నాలుగోది ఆ ‘ఎంత’ జనానికి న్యాయంగా తోచిందా అని అడుగుతుంది. టీచరు నాలుగూ చెప్పనక్కరలేదు. రెండు చెప్పి, వాటి మధ్య తేడా ఎక్కడ వస్తోందో పిల్లలతో వెతికిస్తే ఆ పాఠం నిలుస్తుంది.

కరువు కూలి, కాస్త దగ్గరగా

టెంపుల్ కూలి దగ్గరికి మళ్లీ వద్దాం. ఒక పీరియడ్‌లో దీనితో చేయగలిగింది చాలా ఉంది.

మొదటిది తిండి లెక్క. 450 గ్రాముల బియ్యంలో సుమారు 1,600 కేలరీలు. ఎండలో రోజంతా మట్టి మోసే మనిషికి అది చాలదు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ అప్పుడే ఈ మాట అధికారికంగా అభ్యంతరంగా రాశాడు. గింజ ఒకటిన్నర పౌన్లకు తగ్గకూడదని, పప్పు, కూరగాయలు కూడా కావాలని వాదించాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం కూలి కొంత పెంచింది. ఇక్కడ సైన్సు టీచరు సాయం కూడా తీసుకోవచ్చు.

రెండోది అధికారి ఎదుట ఉన్న లాభనష్టాల లెక్క. 1874 బీహార్ కరువులో ఇదే టెంపుల్ బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని చాలావరకు కాపాడాడు. దానికి అతనికి దక్కింది దుబారా చేశాడన్న నింద. మూడేళ్ల తర్వాత మద్రాసుకు వచ్చేటప్పుడు ఖర్చు తగ్గించమన్నది అతని పని. మనిషి చెడ్డవాడని చెబితే పాఠం అక్కడితో ముగుస్తుంది. ఏ పనికి పొగడ్త, ఏ పనికి నింద అన్నది అప్పటి పాలన ఎలా నిర్ణయించిందో అడిగితే పాఠం మొదలవుతుంది. అప్పుడు కూడా ఆ మనిషి బాధ్యత తగ్గదని టీచరు చెప్పాలి.

మూడోది అసలు ప్రశ్న. గింజ ఉండగా ఆకలి ఎందుకు? వాన లేక పొలం పని ఆగింది, పని ఆగితే కూలి ఆగింది, అదే సమయానికి ధర పెరిగింది. గింజ లేకపోవడం కన్నా కొనే శక్తి లేకపోవడమే కరువు అన్న సంగతిని 1880 కరువు కమిషన్ నివేదికే గుర్తించింది. కరువు స్మృతులు, అంటే ఫామిన్ కోడ్లు, ఆ తర్వాత వచ్చినవే. నూరేళ్లకు, 1981లో అమర్త్య సేన్ దీన్ని సిద్ధాంతంగా నిలబెట్టారు. 1943లో బెంగాల్‌లో ఆహార లభ్యత అంతకుముందు ఐదేళ్ల సగటు కన్నా 5 శాతమే తక్కువని, 1941 కన్నా 13 శాతం ఎక్కువని చూపించారు. అయినా ముప్పై లక్షల మంది దాకా చనిపోయారు. సేన్ వాడిన పంట అంకెలనే ప్రశ్నించినవారున్నారు. 1942 చివర వరికి పట్టిన తెగులును తక్కువ అంచనా వేశారని ఒకరు, యుద్ధకాలపు ప్రాధాన్యాలు అసలు కారణమని ఇంకొకరు వాదించారు. ఈ వాదాన్ని పిల్లల దగ్గర దాచనక్కరలేదు. ఒక అంకె మారితే ఒక వివరణ ఎలా ఊగుతుందో చూడడమే వాళ్లు నేర్చుకోవలసిన విద్య.

1876–78 మృతుల అంచనాలు కూడా 55 లక్షల నుంచి కోటి దాకా ఉన్నాయి. చావుల లెక్క రాసే గ్రామోద్యోగి కూడా ఆకలితో ఊరు విడిచి వెళ్లిపోయిన చోట ఆ చావులు ఎవరు రాసి ఉంటారు? ఆ ప్రశ్న అడిగినప్పుడే అంకె వెనక మనుషులు కనిపిస్తారు.

మోటుపల్లి శాసనం

కరువు పాఠం అర్థశాస్త్రానికి కష్టమైన పరీక్ష. అది సుళువుగా ఒదిగే చోటు ఒకటి చూడాలంటే కాకతీయుల మోటుపల్లి శాసనం ఉంది. గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించాడు. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును అంతకుముందు రాజులు జప్తు చేసేవారు. తాను అలా చేయనని, ముప్పైకి ఒక వంతు సుంకం మాత్రమే తీసుకుంటానని గణపతిదేవుడు వర్తకులకు అభయమిచ్చాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం వంటి సరుకుల మీద సుంకాలూ రాయించాడు.

పుస్తకాల్లో ఇది రాజు ఔదార్యంగా వస్తుంది. పిల్లలను అడగాల్సింది ఇది: పగిలిన ఓడ సరుకంతా రాజు తీసుకుంటాడని తెలిస్తే, నువ్వు వర్తకుడివైతే ఏ రేవుకు పోతావు? ముప్పైకి ఒకటే తీసుకుని రాజు ఏం సంపాదించాడు? తర్వాతి రాజు మాట తప్పకుండా ఉండడానికి రాతి మీద చెక్కడం ఎలా ఉపయోగపడుతుంది? ఆర్థికవేత్తలు సంస్థలు, నమ్మకం, విశ్వసనీయమైన హామీ అని పెద్ద పెద్ద పుస్తకాల్లో చెప్పేదంతా ఆ రాతిలో ఉంది. చెరువు కట్టినవాడికి, మరమ్మతు చూసేవాడికి ఇచ్చిన దశబంధ మాన్యం కూడా ఇదే కోవ. అందరికీ పనికొచ్చేదాన్ని ఎవరు బాగుచేస్తారన్న ప్రశ్నకు మన పూర్వులు ఇచ్చిన ఒక జవాబు అది. ఆ ప్రశ్న చెరువున్న ప్రతి ఊళ్లోనూ ఇంకా ఉంది.

ఎంపికే లేని చోట

మనిషి ఎంచుకుంటాడు అన్నది అమెరికా ప్రమాణాల పద్ధతికి పునాది అన్నాం. తెలంగాణ వెట్టి దగ్గర ఆ పునాదే కదులుతుంది. దొర గడీకి పిలుపు వస్తే ఇల్లూ పొలమూ విడిచి వెళ్లాలి. కూలి లేదు, కాదనడానికి వీల్లేదు. ఇక్కడ కూలి రేటు ఎంత అని అడగడమే అసంబద్ధం. ఈ వెట్టిపై తిరగబడ్డ 1946–51 సాయుధ పోరాటాన్ని కేవలం భూమి గిరాకీగానో పన్నుల భారంగానో చెబితే దాని గుండె తప్పిపోతుంది.

ఇదే గొడవ అమెరికాలో బానిసత్వం మీద వచ్చింది. 1974లో ఫోగెల్, ఎంగర్‌మన్ బానిసల పొలాలు ఉత్తరాది స్వేచ్ఛా పొలాల కన్నా సమర్థంగా పండించాయని అంకెలతో చూపబోయారు. కొరడాను లాభనష్టాల లెక్కలో ఒక అంశంగా చూడవచ్చా అని చరిత్రకారులు, తోటి ఆర్థికవేత్తలు కలిసి నిలదీశారు. అంకెల్లో తప్పులు కూడా చూపించారు.

కులం విషయంలో ఈ లోటు మనకు ఇంకా దగ్గరిది. అంబేడ్కర్ రూపాయి సమస్య మీద 1923లో, రాష్ట్రాల ఆర్థిక వ్యవహారాల మీద 1925లో గ్రంథాలు రాసిన ఆర్థికవేత్త. కులం పనిని పంచడం కాదు, పనిచేసేవాళ్లనే మెట్లుగా విభజించడం అని 1936లో ఆయన చెప్పిన మాట ఆర్థిక వాదన కూడా. మన పుస్తకాల్లో ఆయన పౌరశాస్త్రం పాఠంలో రాజ్యాంగ నిర్మాతగానే ఆగిపోతారు. చరిత్రలోకి అర్థశాస్త్రాన్ని తేవాలని నిజంగా అనుకుంటే ముందు ఆ ఆర్థికవేత్తను తరగతి గదిలోకి తీసుకురావాలి.

అంకెల మీద ఎంత నమ్మకం?

పిల్లల పుస్తకాల్లోకి, పెద్దల ఉపన్యాసాల్లోకి ఎక్కువగా వచ్చిన అంకె ఆర్థిక చరిత్రకారుడు ఆంగస్ మాడిసన్‌ది. ప్రపంచ ఉత్పత్తిలో భారత్ వాటా 1700లో 24.4 శాతం, 1950 నాటికి 4.2 శాతం. దీన్ని చూడగానే దోపిడీ రుజువైందనిపిస్తుంది. అదే మాడిసన్ తలసరి ఉత్పత్తి లెక్క డాలర్లలో చూస్తే 1700లో 550, 1820లో 533, 1950లో 619. అంటే వాటా అంతగా పడిపోవడానికి ఒక కారణం మిగతా ప్రపంచం ఎదగడం. మనం ఎందుకు ఎదగలేకపోయామన్నది అప్పుడు అసలు ప్రశ్న అవుతుంది, పరాయి పాలన బాధ్యత ఆ ప్రశ్నలోనే ఇంకా పదునుగా వస్తుంది. పైగా 1700 అంకె ఎన్నో ఊహల మీద కట్టినది.

ఆర్థికవేత్త ఉత్సా పట్నాయక్ 2018లో చెప్పిన 45 లక్షల కోట్ల డాలర్ల తరలింపు కూడా అంతే. ఆ మొత్తంలో చాలా భాగం తరలిన సొమ్ముకు ఏడాదికి 5 శాతం చొప్పున చక్రవడ్డీ కట్టడం వల్ల వచ్చింది. 5కు బదులు 3 పెడితే ఎంత వస్తుందో లెక్కల పీరియడ్‌లో పిల్లలతో చేయించవచ్చు. తరలింపు జరగలేదని దాని అర్థం కాదు. అంకె ఎలా పుడుతుందో తెలుసుకున్న పిల్లవాడు ఏ వైపు వాళ్లైనా విసిరే అంకెకు బెదరడు.

స్థానికంగా చూస్తే 2005లో అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ చేసిన పరిశోధన మన నేలకు బాగా పనికొచ్చేది. జమీందారీ ఉన్న జిల్లాలు రైత్వారీ జిల్లాల కన్నా స్వాతంత్ర్యం తర్వాత కూడా పంట దిగుబడిలో, బడులు, ఆసుపత్రుల వంటి వసతుల్లో వెనకబడ్డాయని వాళ్లు తేల్చారు. 2013లో మరికొందరు జిల్లాల వర్గీకరణలో పొరపాట్లు సరిచేసి చూస్తే ఆ ఫలితం నిలవడం లేదన్నారు. తెలుగు నేలలో రెండు పద్ధతులూ ఉన్నాయి. ఉత్తర సర్కారుల్లో 1802 నుంచి శాశ్వత శిస్తు, జమీందార్లు. దత్త మండలాల్లో 1800–1807 మధ్య మన్రో పునాది వేసిన రైత్వారీ. ఆ సిద్ధాంతం ప్రకారం రాయలసీమ ముందుండాలి. లేదు. 1852లో కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక గోదావరి డెల్టా దారి వేరైపోయింది. శిస్తు పద్ధతి ముఖ్యమా, నీళ్లు ముఖ్యమా? ఉత్తరాంధ్రలో రెండూ ఏమయ్యాయి? ఇంతకన్నా మంచి ప్రాజెక్టు పని తొమ్మిదో తరగతికి దొరకదు.

ఇంకా తేలనివి

టీచరు సంగతి మొదటిది. మన హైస్కూళ్లలో సోషల్ చెప్పేది ఒక్కరే. డిగ్రీలో చరిత్ర, రాజనీతి చదివినవారికి ధరల సూచిక అంటే జంకు. అర్థశాస్త్రం చదివినవారికి శాసనం చదవడమంటే జంకు. ఇతివృత్తాల పుస్తకం చేతికిచ్చినా చెప్పే మనిషి తనకు తెలిసిన సగం చెప్పి మిగతా సగం చదివించేసి వదిలేస్తారు. ఇది టీచరు తప్పు కాదు. బి.ఇడి.లో ఈ రెండింటినీ కలిపి ఒక్క పాఠం తయారుచేయించకుండా పంపిన శిక్షణ తప్పు.

ఏ వయసులో మొదలుపెట్టాలన్నది ఇంకో ప్రశ్న. గతంలోని మనుషులు మనలాగే ఆలోచించలేదని, వాళ్లను వాళ్ల కాలంలో పెట్టి చూడడం పుట్టుకతో రాని విద్య అని శామ్ వైన్‌బర్గ్ వంటి చరిత్ర బోధన పరిశోధకులు అంటారు. లాభనష్టాల కళ్లద్దాలు మరీ చిన్నప్పుడే పెడితే పిల్లవాడు ప్రతి రాజునూ ప్రతి రైతునూ నేటి వ్యాపారిలా చూడడం మొదలుపెడతాడన్న భయం నిజమైనదే. మోటుపల్లి ఏడో తరగతిలో చెప్పవచ్చు. వెట్టి, కరువు కూలి తొమ్మిదిలోకి వచ్చాకనే మంచిదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దీని మీద భిన్నాభిప్రాయాలకు చోటుంది.

ఎవరి అర్థశాస్త్రం చెప్పాలన్నది అన్నిటికన్నా చిక్కు ప్రశ్న. రగ్ పుస్తకాలు ఒక రాజకీయానికి బలైతే, ప్రమాణాల పుస్తకాలు ఇంకో రాజకీయానికి ఊతమిచ్చాయి. ఇక్కడా పుస్తకం మారినప్పుడల్లా ప్రభుత్వం మారిందా అని అడుగుతున్నాం. రెండు వివరణలు పక్కపక్కన ఇచ్చే పుస్తకం మీద ఆ ఒత్తిడి కొంత తక్కువగా పనిచేస్తుంది, ఒక వైపు కోసేస్తే కోత కనిపిస్తుంది కనుక.

వీటన్నిటి కన్నా ముందు పరీక్ష ఉంది. ప్రశ్నపత్రంలో ఏది వస్తే తరగతి గదిలో అదే వస్తుంది. 1877లో కరువు పనుల కూలి తగ్గించినది ఎవరు అన్న బిట్టు ప్రశ్నకు గైడు చాలు. దాని బదులు ఇలా అడగవచ్చు: ఒక కూలీకి 450 గ్రాముల గింజ ఖరీదు, ఒక అణా ఇస్తున్నారు. ఆ అణాతో ఎంత గింజ వస్తుందో కింది ధరల పట్టిక చూసి లెక్కకట్టండి. ఇంట్లో పనికి పోలేని ముసలివాళ్లు ఇద్దరు, పిల్లలు ఇద్దరు ఉన్నారు. ఈ కూలి పెంచకపోవడానికి అధికారి చెప్పిన కారణం ఒకటి, డాక్టరు దానికి చెప్పిన జవాబు ఒకటి రాయండి. మీరు ఎవరి మాట ఒప్పుకుంటారో, ఎందుకో ఐదు వాక్యాల్లో చెప్పండి.